వేసవిలో గ్రాఫిక్స్ కార్డు వేడిని ఎలా లెక్కించాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

గోదావరి డెల్టాలో ఎండలు ముదిరేసరికి, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారికి ఒక దిగులు పట్టుకుంటుంది. పిల్లల చదువు కోసమో, పెళ్ళి వీడియోలు కూర్చే పని కోసమో, ఆటల కోసమో, తెర మీద బొమ్మలు గీసే భాగమైన గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నవారు తెర మీద దాని ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్ అని చూడగానే, కార్డు మాడిపోతుందేమోనని పనిని మధ్యలోనే ఆపేస్తారు. వేలకు వేలు పోసి కొన్న వస్తువు గనుక ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. నీళ్ళు మరిగే వేడికి దగ్గరలో ఉన్న వస్తువు మన బల్ల కిందే ఉందంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అయితే ఆ అంకెను విడిగా చూడకూడదు. గదిలో ఉన్న వేడితోను, అదే యంత్రం అదే పనికి మునుపు చూపిన అంకెతోను కలిపి చూడాలి. అప్పుడే ఏది భయపడవలసిన వేడో, ఏది కాదో తేలుతుంది.

ముందుగా తయారీదారులు పెట్టిన హద్దులు చూద్దాం. ఎన్‌విడియా సంస్థ తన జీటీఎక్స్ 1050 టీఐ కార్డుకు 97 డిగ్రీలు, ఆర్‌టీఎక్స్ 3060కి 93 డిగ్రీలు, ఆర్‌టీఎక్స్ 4060కి 90 డిగ్రీలు గరిష్ఠ ఉష్ణోగ్రతగా ప్రకటించింది. ఏఎండీ సంస్థ 2019లో ఆర్‌ఎక్స్ 5700 శ్రేణిని తెచ్చినప్పుడు, కార్డులో లెక్కలు చేసే చిప్పులో అన్నిటికంటే వేడెక్కే చోట 110 డిగ్రీల వరకు రావడం తమ లెక్కలో ఉన్నదేనని చెప్పింది. చిప్పుకు మామూలుగా చూపే ఉష్ణోగ్రత వేరు, హాట్ స్పాట్ అనే అత్యంత వేడి చోటు ఉష్ణోగ్రత వేరు. రెండోది మొదటిదానికంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువగా ఉండటం సహజం. ఒకరు ఒకటి చూసి, పక్కింటివారు మరొకటి చూసి పోల్చుకుంటే లేనిపోని కంగారు పుడుతుంది. హద్దు దగ్గరపడినప్పుడు కార్డు తన వేగాన్ని, వోల్టేజీని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి పెరుగుతూ పోతే పని ఆపేస్తుంది. బరువైన పనిలో 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చుననీ, 85 దాటి అక్కడే నిలిచిపోతుంటే కారణం వెతకాలనీ నా అభిప్రాయం.

ఇక మన ప్రాంతానికి సంబంధించిన అసలు సంగతికి వస్తాను. గ్రాఫిక్స్ కార్డు తనను చల్లబరచుకోవడానికి వాడుకునేది మన గదిలోని గాలినే. కాబట్టి ఫ్యాన్లు ఎంత వేగంగా తిరిగినా కార్డు ఆ గాలి కంటే చల్లబడటం జరగని పని. సంక్రాంతి రోజుల్లో గది 25 డిగ్రీలున్నప్పుడు ఒక పనికి 67 డిగ్రీలు చూపిన కార్డు, రోహిణీ కార్తెలో గది 38 డిగ్రీలకు చేరినప్పుడు అదే పనికి ఫ్యాన్ల వేగం మారకపోతే 80 డిగ్రీలు చూపుతుంది. ఈ పదమూడు డిగ్రీలూ వాతావరణానివి. కార్డులో ఏ లోపమూ రాలేదు. పేరుగాంచిన పరీక్షకులు చెప్పే అంకెలు చాలావరకు 20, 25 డిగ్రీల గదుల్లో కొలిచినవి గనుక, అమలాపురంలోనో పాలకొల్లులోనో రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం కొలిచిన అంకెను వాటి పక్కన పెట్టి బాధపడటం న్యాయం కాదు. పది రూపాయల నోటుబుక్కులో తేదీ, గది ఉష్ణోగ్రత, చేసిన పని, కార్డు చూపిన అంకె రాసిపెట్టుకుంటే, కార్డుకూ గదికీ మధ్య ఉన్న తేడా ఎంతో తెలిసిపోతుంది. ఆ తేడా ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటే కార్డు ఆరోగ్యంగా ఉన్నట్టే. మామూలు అంకెను చూడటానికి వేరే ప్రోగ్రామ్ కూడా అక్కరలేదు. 2020 మే నెల విండోస్ 10 అప్‌డేట్ మొదలుకొని, విండోస్‌లోనే ఉండే టాస్క్ మేనేజర్ విడి గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రతను చూపుతోంది.

ఉక్కపోత గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. గాలిలో తేమ ఎక్కువైతే మన చెమట ఆరదు గనుక మనకు ఊపిరాడనట్టు ఉంటుంది. కార్డుకు చెమట లేదు కాబట్టి తేమ వల్ల దాని వేడి చెప్పుకోదగినంతగా పెరగదు. సీలింగ్ ఫ్యాను విషయం కూడా ఇలాంటిదే. అది మన ఒంటి చెమటను ఆరబెడుతుంది గానీ గదిలోని గాలి వేడిని తగ్గించదు. పెట్టె చుట్టూ నిలిచిపోయిన వేడిగాలిని కదిలించడం వరకే దాని మేలు. తేమ వల్ల వచ్చే హాని వేరే దారిలో వస్తుంది. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలోని ఉప్పు, దుమ్ముతో కలిసి కార్డు మీద పేరుకుని లోహపు భాగాలను మెల్లగా తినేస్తుంది. ఆ ఊళ్ళలో ఉన్నవారు వేడి కంటే దీనికే ఎక్కువ జాగ్రత్తపడాలని నేను మనవి చేస్తున్నాను.

మన ఇళ్ళలో కార్డు వేడెక్కడానికి నేను చూసినంతలో పెద్ద కారణం మనం సీపీయూ అని పిలుచుకునే పెట్టెను పెట్టే చోటే. కంప్యూటర్ బల్లకు పక్కన చెక్క అర ఉంటుంది. పెట్టెను అందులోకి నెట్టి, వెనుక వైపు గోడకు ఆనించి, దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పుతారు. 170 వాట్ల కరెంటు తీసుకునే ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఆ విద్యుత్తునంతా వేడిగానే వదులుతుంది. ఆ వేడి అరలోనే తిరుగుతూ, వెళ్ళగొట్టిన గాలినే ఫ్యాన్లు మళ్ళీ పీలుస్తుంటే అంకె పెరగక ఏమవుతుంది? పెట్టెను అరలోంచి బయటికి తీసి, ముందు, వెనుక జానెడు చోటు వదిలి, నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి. పైసా ఖర్చు లేని ఈ పనితోనే చాలా ఇళ్ళలో దిగులు తీరిపోతుంది. పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాను తిప్పేవారు కూడా ఉన్నారు. ఆ పూటకు వేడి తగ్గవచ్చు గానీ, దుమ్ము, బల్లులు, చీమలు లోపలికి చేరతాయి కాబట్టి దాన్ని అలవాటు చేసుకోవద్దు.

దుమ్ము మాట చెప్పుకోక తప్పదు. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో నూర్పిడి దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు యంత్రాల దగ్గరి పొడి, లారీలు తిరిగే రోడ్ల పక్కన మట్టి, ఇవన్నీ చిప్పు వేడిని పీల్చుకుని గాలికి వదిలే హీట్‌సింక్ అనే లోహపు భాగం రేకుల మధ్య పేరుకుంటాయి. రేకుల సందులు మూసుకుపోతే ఫ్యాను చప్పుడు పెరుగుతుంది గానీ గాలి వెళ్ళదు. కోతలు అయిపోయాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి శుభ్రం చేసుకోవడం మంచిది. ప్లగ్గు పీకేసి, పెట్టెను వరండాలోకి తెచ్చి, బ్లోయరుతో దూరం నుంచి గాలి కొట్టాలి. గాలి కొట్టేటప్పుడు కార్డు ఫ్యాను రెక్కలను వేలితో తిరగకుండా పట్టుకోవాలి. లేకపోతే హద్దుమీరిన వేగంతో తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. తడిగుడ్డ మాత్రం వాడవద్దు.

కరెంటు పోయినప్పుడు ఫ్యాను హఠాత్తుగా ఆగి కార్డు మాడిపోదా అని అడిగేవారున్నారు. కరెంటు పోగానే చిప్పు కూడా వేడిని పుట్టించడం మానేస్తుంది. మిగిలిన వేడిని హీట్‌సింక్ పీల్చుకుంటుంది. ఆ భయం అక్కరలేదు. యూపీఎస్ అవసరం కార్డు చల్లదనానికి కాదు, సగంలో ఉన్న పని పోకుండా ఉండటానికి.

వేసవి నెలల్లో కార్డు మీది భారాన్నే కొంత తగ్గించుకునే మార్గాలు కూడా ఉన్నాయి. తెర సెకనుకు 60 చిత్రాలు మాత్రమే చూపగలిగినప్పుడు, కార్డు 140 చిత్రాలు గీయడం వల్ల కలిగేది వృథా వేడే. ఆటలోని సెట్టింగులలో 60 దగ్గర హద్దు పెట్టుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ప్రోగ్రామ్‌లో కార్డు తీసుకునే విద్యుత్తును 80 శాతానికి తగ్గిస్తే, వేగం కొద్దిగానే తగ్గి, వేడి బాగా తగ్గుతుంది. వీడియోలు కూర్చేవారు కూర్చిన వీడియోను చివరగా తయారుచేసే బరువైన రెండరింగు పనిని తెల్లవారుజామున పెట్టుకుంటే గది చల్లగా ఉండే గంటలు కలిసివస్తాయి.

ఇన్ని చేశాక కూడా కొన్ని గుర్తులు కనిపిస్తే అప్పుడు నిజంగా కదలాలి. గది వేడి మారకుండానే కార్డు అంకె కొన్ని వారాల్లో పది డిగ్రీలు పెరగడం, హాట్ స్పాట్‌కూ మామూలు అంకెకూ మధ్య తేడా పాతిక ముప్పై డిగ్రీలు దాటడం, వేడెక్కినా ఫ్యాను తిరగకపోవడం, తెర మీద రంగుల చుక్కలు, గీతలు రావడం, యంత్రం మాటిమాటికీ ఆగిపోవడం అలాంటివి. కార్డు పాతదైతే చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. దాన్ని మార్చడం రాజమహేంద్రవరం, భీమవరం వంటి పట్టణాల్లోని మంచి మరమ్మతు దుకాణదారులకు తెలిసిన పనే. కార్డును మరమ్మతుకు ఇవ్వబోయే ముందు బిల్లు తీసి వారంటీ తేదీ చూసుకోండి. గడువు ఉన్నట్టయితే స్క్రూల మీది సీలు విప్పనివ్వకుండా, కొన్న దుకాణం ద్వారా తయారీదారుకే పంపించండి. అప్పుడు మీరు నోటుబుక్కులో రాసుకున్న అంకెలను కూడా వారికి చూపించండి. సెలవు, నమస్కారం.