అమ్మమ్మ బొమ్మ: నల్లటి ఒంటి రంగు కలపడం

నమస్తే అండి. ఈరోజు మా అమ్మమ్మ బొమ్మ వేద్దాం. ఫోటో స్క్రీన్ మీద పెట్టాను, చూడండి. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు కదా, ఆ ఊపులో మా ఊళ్లో చీపుర్లు పట్టుకుని బయటికొచ్చిన వాళ్లలో అమ్మమ్మ కూడా ఉంది. తాత కూలి డబ్బులు సారాకే పోయేవి. రాత్రయితే దెబ్బలు. ఆ దెబ్బలు నేను వెయ్యను. కొట్టు ముందు నిలబడ్డ మనిషిని వేస్తాను.

కాన్వాస్ 12 బై 16 అంగుళాలు, రంగులు ఎక్రిలిక్, అంటే నీళ్లతో కలిపేవి. రెండంగుళాల గడులు, పెన్సిల్ స్కెచ్, పైన పల్చగా బర్న్ట్ అంబర్, అంటే ముదురు గోధుమ రంగు. ఇదంతా మీకు తెలిసిందే, స్పీడ్‌గా తిప్పేస్తున్నా.

ఇప్పుడు ఒంటి రంగు. ఇక్కడ కాస్త ఆగుదాం. ‘స్కిన్’ అని రాసున్న ఈ గులాబీ ట్యూబు తీసి పక్కన పెట్టేయండి. మొదటిసారి నేను అదే వాడాను. ఇంట్లో అందరూ ఎంత బాగుందో అన్నారు. అమ్మమ్మ మాత్రం చూసి, "ఇదెవరే?" అంది. నల్లగా ఉందని పెళ్లప్పుడు ఆమెకి కట్నం ఎక్కువ అడిగారట. నేనూ ఆమె రంగుని దాచేశాను కదా అని చాలా బాధేసింది.

రెండోసారి నలుపు కలిపాను. ముఖమంతా బూడిద పూసినట్టయింది. అందుకే నలుపూ వద్దు. బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రటి గోధుమ రంగు, రెండు పాళ్లు, అల్ట్రామెరైన్ బ్లూ ఒక పాలు. ఇదిగో, కలుపుతుంటే ఎలా మారుతోందో చూడండి... ఇంకొంచెం... ఆ, ఇదీ! నీడకి నీలం పెంచండి, బుగ్గకి సియెన్నా పెంచండి. వెలుగు పడే చోట ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు. తెలుపు చివర్లో, నుదుటి మీద, ముక్కు మీద, ఒక్క చుక్క. ఎక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది. ఆరకముందే టెన్షన్ పడి మార్చకండి.

అన్నట్టు, మా ఎండకి పాలెట్ మీద కలిపిన రంగు ఊరికే ఎండిపోతుంది. కింద తడి టిష్యూ, పైన బటర్ పేపర్ వేస్తాను. వెలుగునీడలు సరిచూడాలంటే ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి, చాలు.

చీపురు సన్న బ్రష్‌తో, కింది నుంచి పైకి, ఇలా ఇలా. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా ఆ చీపురు సారా కొట్టు దారిలోనే ఉందంటుంది అమ్మమ్మ.

చివరగా పేరు. ఇలాంటి బొమ్మల కింద ‘పల్లె పడుచు’, ‘కూలి స్త్రీ’ అని రాసి వదిలేస్తారు. నా సంతకం వెనకవైపు పెట్టాను. ముందువైపు, ఇదిగో ఇక్కడ, అమ్మమ్మ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాస్తున్నాను.