పచ్చి అడుగు, పచ్చి హాస్యం: బేకింగ్ పోటీల సమీక్షలు ప్రేక్షకులకు ఎందుకు రుచించవు?

నమస్కారం. బ్రిటన్ టీవీలో వచ్చే బేకింగ్ పోటీ ‘గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ కార్యక్రమాన్ని ఎవరైనా మోటు పరాచికాలతో, ఒంటి భాగాల ప్రస్తావనలతో సమీక్షించినప్పుడు కొందరు ప్రేక్షకులు నొచ్చుకుని అభ్యంతరం చెబుతారు. వెంటనే వారికి ఒకే సమాధానం ఎదురవుతుంది: ‘ఆ కార్యక్రమం నిండా డబుల్ మీనింగ్ మాటలే కదా, అక్కడ నవ్విన మీరు ఇక్కడ ముఖం చిట్లించడం ఎందుకు?’ ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. పైకి న్యాయంగానే వినిపిస్తుంది గానీ, హాస్యం ఎలా తయారవుతుందో ఏమాత్రం పట్టించుకోని ప్రశ్న ఇది. అభ్యంతరం చెప్పేవారిని ఛాందసులని కొట్టిపారేయడం తేలిక. నా ఉద్దేశంలో వారిలో ఎక్కువమంది ఆ కార్యక్రమంలోని హాస్యాన్ని మిగిలినవారి కంటే బాగా అర్థం చేసుకున్నవారు. అందుకే సమీక్షలోని హాస్యం వారి గొంతు దిగడం లేదు.

ఆ కార్యక్రమంలో అందరికీ తెలిసిన మాటతోనే మొదలుపెడదాం. 2010 ఆగస్టులో బీబీసీ టూలో పోటీ మొదలైనప్పటి నుంచి 2016 దాకా న్యాయనిర్ణేతగా ఉన్న మేరీ బెర్రీ నోట ‘సాగీ బాటమ్’ అనే మాట స్థిరపడిపోయింది. తడిసి మెత్తబడిన అడుగు అని దాని అర్థం. ఇంగ్లీషులో ‘బాటమ్’ అంటే వంటకం అడుగు భాగమూ అవుతుంది, మనిషి పిరుదులూ అవుతాయి. 1935లో పుట్టిన ఒక పెద్దావిడ ఎంతో మర్యాదగా, టార్ట్‌ను, అంటే పిండి అడుగు మీద పూరకం పోసి కాల్చిన వంటకాన్ని, కత్తితో ఎత్తి కిందికి వంగి చూసి ఆ మాట అంటే, పక్కనే ఉన్న వ్యాఖ్యాతలు మెల్ గెడ్రోయిచ్, సూ పెర్కిన్స్ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఇంట్లో కూర్చున్నవారు నవ్వేవారు.

[తెరపై: కోసిన టార్ట్ ముక్క, అడుగు భాగం దగ్గరగా]

ఇప్పుడు ఈ అడుగును జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా దీని మీదే నిలబడుతుంది. టార్ట్ అడుగు పొర మైదా, వెన్నలతో చేసినది. దాని మీద గుడ్లు, పాలు కలిపిన కస్టర్డో, రసం ఊరే పండ్లో పోసి నేరుగా ఓవెన్‌లో పెడితే, పిండి గట్టిపడేలోపే పైనున్న తడి దానిలోకి దిగిపోతుంది. పైభాగం బంగారు రంగులోకి వచ్చినా అడుగు మాత్రం జిగటగా, పచ్చిగా మిగిలిపోతుంది. దీన్ని నివారించడానికి పూరకం పోయకముందే ఒట్టి అడుగును విడిగా కాలుస్తారు. అచ్చులో పరిచిన పిండిని చల్లబరచి, దానిపై బేకింగ్ పేపర్ వేసి, పొంగకుండా పింగాణీ గోళీలు గానీ ఎండు చిక్కుడు గింజలు గానీ బియ్యం గానీ బరువుగా పోసి, ఒక పావుగంట కాల్చి, తర్వాత ఆ బరువు తీసేసి మరికాసేపు ఆరేదాకా కాలుస్తారు. కొందరు దాని మీద కొట్టిన గుడ్డును పలుచగా పూసి మళ్లీ కాసేపు ఓవెన్‌లో ఉంచుతారు, తడి దిగకుండా అది ఒక పొరలా ఏర్పడుతుంది. దీనికి బ్లైండ్ బేకింగ్ అని పేరు. మన బూరెలకూ ఇదే నీతి వర్తిస్తుంది: పైపిండి సరిగ్గా పట్టకపోతే పూర్ణం నూనెలోకి పగిలి మూకుడంతా మాడు వాసన కొడుతుంది.

రెండర్థాల హాస్యం కూడా ఇలాంటి టార్టే. మొదటి అర్థం అడుగు పొర, రెండో అర్థం దాని మీది పూరకం. మేరీ బెర్రీ ‘సాగీ బాటమ్’ అన్నప్పుడు అక్కడ నిజంగానే ఒక టార్ట్ ఉంది, నిజంగానే దాని అడుగు తడిసింది, ఆ తీర్పు వల్ల ఒక పోటీదారు నిజంగానే వెనకబడ్డారు. మొదటి అర్థం పూర్తిగా కాలి గట్టిపడిన తర్వాతే రెండో అర్థం దాని మీద వచ్చి కూర్చుంది. ఆ రెండో అర్థం తోచని పిల్లవాడికి కూడా మాట అసంపూర్ణంగా ఉండదు. ‘అడుగు కాలలేదు’ అనే విషయం అతనికి అందుతుంది. మోటు సమీక్షలో అడుగు అసలు ఉండదు. సమీక్షకుడు నేరుగా పూరకాన్ని పళ్లెంలో పోసి మన ముందు పెడతాడు. ఇక్కడ తెలుగు మనకు ఒక గొప్ప సాయం చేస్తుంది: మన భాషలో ‘పచ్చి’ అంటే కాలనిది, ఉడకనిది; అదే మాట బూతుకు ముందు చేరితే మోటుతనానికి కొలమానం. పచ్చిబూతు అని మన పెద్దలు పేరు పెట్టినప్పుడు వంటను తలచుకున్నారో లేదో నేను చెప్పలేను గానీ, ఆ మాట నాకు ఈ సందర్భంలో అక్షరాలా సరిపోయినట్టు అనిపిస్తుంది.

ఈ కార్యక్రమంలో అడుగు అంత గట్టిగా కాలడానికి ఒక బయటి కారణం ఉంది. బ్రిటన్‌లో ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ నియమాల ప్రకారం పిల్లలకు తగని విషయాలను రాత్రి 9 గంటలకు ముందు ప్రసారం చేయకూడదు. తెల్లవారుజామున 5:30 తర్వాత కూడా అదే కట్టుబాటు. బేక్ ఆఫ్ వచ్చేది రాత్రి 8 గంటలకు. అంటే ప్రతి కొంటె మాటకూ, ఎవరైనా నిలదీస్తే ‘నేను రొట్టె గురించే మాట్లాడాను’ అని నిజాయితీగా చెప్పగలిగే మొదటి అర్థం ఉండి తీరాలి. ఈ కట్టుబాటు వ్యాఖ్యాతల చేతులు కట్టేసిందని కొందరు అంటారు. నేను దాన్ని ఒప్పుకోను. గోళీల బరువు లేకపోతే అడుగు పొంగి పగిలిపోతుంది. ఆ 9 గంటల గీత హాస్యం మీద పోసిన గోళీల బరువు. ఇంటర్నెట్‌లో సమీక్ష చేసేవారికి ఆ గీత లేదు, కాబట్టి అడుగు కాల్చవలసిన అవసరమూ వారికి కలగలేదు.

బ్రిటన్‌లో ఈ నైపుణ్యానికి పాత చరిత్రే ఉంది. 1940ల చివర బీబీసీ తన హాస్య కార్యక్రమాల రచయితల కోసం తయారు చేసిన విధాన పుస్తకంలో మరుగుదొడ్ల మీద జోకులను పూర్తిగా నిషేధించి, కొత్త దంపతులు, ఆడవారి లోదుస్తులు, బొమ్మల్లో నగ్నత్వాన్ని కప్పే అంజూరపు ఆకులు, చివరికి కుందేళ్ల వంటి జంతువుల అలవాట్ల మీద కూడా సూచనప్రాయమైన మాటలు రాయకూడదని పేర్కొంది. సముద్రతీర పట్టణాల్లో అమ్మే కొంటె పోస్టుకార్డులు గీసిన డొనాల్డ్ మెక్‌గిల్‌ను 1954లో లింకన్ పట్టణంలో అశ్లీల ప్రచురణల చట్టం కింద విచారించి జరిమానా వేశారు. ఇలాంటి ఒత్తిడి మధ్య పెరిగిన సంప్రదాయం కాబట్టే, ఆ దేశపు ప్రేక్షకులు రెండర్థాల మాటను వినగానే దానికి అడుగు ఉందా లేదా అని తెలియకుండానే తడిమి చూస్తారు.

తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు మాటను మనం అనువదించుకునేటప్పుడు చటుక్కున ‘డబుల్ మీనింగ్’ అనేస్తాం, ఆ మాటలో మెచ్చుకోలు ఇసుమంతైనా లేదు. మనకు మరో మాట కూడా ఉంది, శ్లేష. దాన్ని అలంకారంగా గౌరవిస్తాం. రామాయణ భారత కథలు రెంటినీ ఒకే పద్యాల్లో నడిపిన పింగళి సూరనను అవే రెండర్థాల కోసం తలకెత్తుకుంటాం. తేడా ఎక్కడుంది? శ్లేషలో రెండు అర్థాలూ సొంత కాళ్ల మీద నిలబడతాయి. డబుల్ మీనింగ్ అని మనం ఈసడించే మాటల్లో మొదటి అర్థం వట్టి ముసుగు.

మన అలంకారశాస్త్రం మరో అడుగు ముందుకు వేసింది. ‘కావ్యప్రకాశం’ రాసిన మమ్మటుడు అశ్లీల దోషాన్ని మూడు విధాలుగా చెప్పాడు: సిగ్గు కలిగించేది, ఏవగింపు కలిగించేది, అమంగళం స్ఫురింపజేసేది. ప్రేక్షకుల స్పందనను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పదునైన పనిముట్టు నాకు దొరకలేదు. సిగ్గుకు సంబంధించిన కొంటె మాటను ఆహారం తట్టుకుంటుంది. పిండి పిసకడం, పొంగడం, క్రీము నింపడం వంటి మాటల్లోనే ఆ అవకాశం దాగి ఉంది. ఏవగింపును మాత్రం ఆహారం తట్టుకోలేదు. ఒక చాక్లెట్ పూరకాన్ని మలంతో పోల్చి రాసిన వాక్యాన్ని చదివినవారికి ఆ వంటకం ఇక కంటికి ఆనదు; రుచి గురించి తర్వాత ఎన్ని మంచి మాటలు చెప్పినా నాలుక నమ్మదు. అభ్యంతరం చెప్పేవారిలో చాలామంది ‘బూతు ఉంది’ అని అంటారు గానీ, నిదానంగా అడిగితే వారిని బాధించింది ఈ రెండో రకమని తేలుతుంది. ‘సాగీ బాటమ్’కు నవ్విన మనిషే ఇక్కడ పళ్లెం పక్కకు నెట్టేయడంలో కపటం లేదు, అవి రెండు వేర్వేరు దోషాలు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. రొట్టెల వారం చూసిన మర్నాడు మా అమ్మాయి, ఓడిపోయిన రొట్టె ఎందుకు ఓడిపోయిందని అడిగింది. దానికి తొమ్మిదేళ్లు, ఇంట్లో మైదా డబ్బా దాని అధీనంలోనే ఉంటుంది. నేను ఒక సమీక్ష తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. కార్యక్రమంలో మరో న్యాయనిర్ణేత పాల్ హాలీవుడ్ రొట్టె మధ్యలో బొటనవేలు నొక్కే పద్ధతి మీద ఆ సమీక్షలో నాలుగు మోటు జోకులు ఉన్నాయి. ఆయన ఎందుకు నొక్కుతాడో ఒక్క మాట లేదు. చక్కగా పులిసి కాలిన రొట్టె నొక్కగానే తిరిగి పైకి లేస్తుంది, లోపల కాలనిది వేలిముద్ర దగ్గర పిండిముద్దలా అతుక్కుపోతుంది. మా అమ్మాయికి కావలసింది ఈ ఒక్క సమాచారమే. సమీక్ష చదివేవారు వచ్చేది అడుగు కోసం. ఆ సమీక్షకుడు ఆ వేలిని చూసి జోకు వేసే ముందు రొట్టెను చూసి ఉంటే, ఆ జోకుల్లో కనీసం ఒకటి నేను కూడా నవ్వుతూ చదివి ఉండేవాణ్ణి.

సమయం అయిపోతోంది కాబట్టి మిగిలిన విషయాలు త్వరగా చెబుతాను. మొదటిది, జోకు ఎవరి మీద అన్నది. వ్యాఖ్యాతలు వంటకం మీదా, తమ మీదా పరాచికాలు ఆడారు. సమీక్షకులు తరచుగా పోటీదారు శరీరం మీదికి వెళ్తారు. 2013లో తుదిపోరుకు చేరిన ముగ్గురూ మహిళలే. వారిలో ఒకరైన రూబీ టాండో, తమపై వెల్లువెత్తిన వ్యక్తిగత ద్వేషం గురించీ, స్త్రీలను చిన్నచూపు చూసే వ్యాఖ్యల గురించీ గార్డియన్ పత్రికలో స్వయంగా రాశారు. ఆమె తర్వాత ఆహార రచయిత్రిగా పేరు తెచ్చుకున్నారు. ఆ వ్యాఖ్యలు ఆమె కేకుల గురించి ఏమీ చెప్పలేదు.

రెండోది, ఆ కార్యక్రమానికి కూడా ఇందులో మినహాయింపు లేదు. 2017లో చానల్ 4కు మారిన తర్వాత, 2022లో వచ్చిన మెక్సికన్ వారంలో అప్పటి కొత్త వ్యాఖ్యాతలు మెక్సికోవారి వెడల్పాటి సాంబ్రెరో టోపీలు పెట్టుకుని వేసిన జోకులు చాలామంది ప్రేక్షకులకు మింగుడు పడలేదు. వాటి కింద వంటకం లేదు, ఒక జాతి పేరు మాత్రమే ఉంది. మరుసటి సంవత్సరం దేశాల పేరుతో వారాలు ఉండబోవని నిర్మాతలు ప్రకటించారు. మూడోది, అన్ని పోటీలకూ ఒకే కొలత పనికిరాదు. చేతకాని వంటనే వినోదంగా చూపే నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమం ‘నెయిల్డ్ ఇట్’ గురించి రాసేవారు కొంత మోటుగా రాసినా ప్రేక్షకులు అంతగా నొచ్చుకోరు. అక్కడ అడుగు విరగడమే విషయం, పోటీదారులు కూడా అది తెలిసే వస్తారు.

చివరగా, మోటు మాటే నేరమని నేను అంటున్నానని అనుకోవద్దు. పోటీదారు ఎవరైనా కెమెరా ముందు ఏడుస్తున్నట్టు కనిపిస్తే తానూ మెల్ ఏం చేసేవాళ్లమో సూ పెర్కిన్స్ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఇద్దరూ వెళ్లి ఆ మనిషిని తమ కోట్లతో కప్పేవారు, లేదా పక్కన నిలబడి కావాలనే గట్టిగా బూతులు తిట్టేవారు. అలా తిట్లు పడిన దృశ్యాన్ని రాత్రి 8 గంటలకు ప్రసారం చేయడం కుదరదని వారికి తెలుసు.