పరిశోధన బడి గుమ్మం దాటాలంటే

(ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల మండల స్థాయి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయ శిక్షణ సంస్థల నుంచి వచ్చిన అధ్యాపకులకు, నా తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

కొన్నేళ్ల కిందట నేను పని చేస్తున్న పల్లె బడికి ఒక సర్వే బృందం వచ్చింది. రెండు రోజులు ఉన్నారు. పిల్లలను ఒక్కొక్కరినే వేపచెట్టు కింద కూర్చోబెట్టుకొని చదివించారు, లెక్కలు చేయించారు. నన్ను గంటసేపు ప్రశ్నలు అడిగారు. వెళ్లేటప్పుడు "ఫలితాలు పంపిస్తాం మేడమ్" అన్నారు. ఆ ఫలితాలు ఇంతవరకు మా బడికి రాలేదు. ఎక్కడో ఒక నివేదికలో మా పిల్లలు ఒక అంకెగా చేరి ఉంటారు. మా మూడో తరగతి పిల్లవాడు 'చక్రం' అనే మాట దగ్గర ఎందుకు ఆగిపోయాడో ఆ అంకె చెప్పదు. నాకు కావలసిందేమో అదే.

మన దగ్గర పరిశోధనలు జరగడం లేదని ఎవరూ అనలేరు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో, 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేపట్టిన పని అది. దాన్ని నడిపిన పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇవ్వడం అందులో ఒక భాగం. దాని గురించి మీలో కొందరు వినే ఉంటారు, ఎందుకంటే వాదోపవాదాలన్నీ దాని చుట్టూనే జరిగాయి. నేను మాట్లాడదలచుకున్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో భాగం గురించి.

ఒక వంద బడుల్లో బోనస్ లేదు, అదనపు నిధులు లేవు, అదనపు టీచరు లేరు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏ అంశంలో ఇబ్బంది ఉందో వివరంగా రాసిన నివేదికలు ఉపాధ్యాయుల చేతికి ఇచ్చారు. అప్పుడప్పుడు వచ్చి తరగతులు పరిశీలించారు. అంటే సమాచారం పంచారు, అంతే. ఏడాది చివర చూస్తే ఈ బడుల పిల్లలకూ, అలాంటి నివేదికలేవీ అందని బడుల పిల్లలకూ చదువులో తేడా లేదు. పరిశీలకులు ఉన్నంతసేపు ఉపాధ్యాయులు ఎక్కువ కష్టపడినట్టు కనిపించింది కానీ, పిల్లలకు ఒరిగింది లేదు. ఈ ఫలితం 2010లో అచ్చయింది.

మొదటిసారి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. పరిశోధన ఫలితాలను ఉపాధ్యాయులకు చేర్చాలని ఇన్నేళ్లుగా అందరినీ అడుగుతున్నదాన్ని నేను. చేర్చినా ఏమీ మారలేదని అదే పరిశోధన చెబుతోంది! తరువాత నిదానంగా ఆలోచించాను. ఈ పిల్లవాడికి తీసివేతలు రావని కాగితం చెబుతుంది. ఆ సంగతి నాకు కాగితం రాకముందే తెలుసు. నలభై మంది పిల్లలు, రెండు తరగతులు, ఒక్క గది. సిలబస్ నవంబరు పాఠం దగ్గర ఉంది, ఆ పిల్లవాడు రెండో తరగతి లెక్క దగ్గర ఉన్నాడు. వాడి కోసం ఏ గంటలో, ఎలా, ఏం చేయాలో చెప్పని కాగితం బీరువాలోకే వెళుతుంది.

హర్యానాలో జరిగిన పని చూడండి. పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ 'ప్రథమ్' చాలా ఏళ్లుగా చెబుతున్న పద్ధతి మనకు తెలిసినదే: పిల్లలను తరగతిని బట్టి కాకుండా, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పడం. దీన్ని ప్రభుత్వ బడుల్లోకి తేవడానికి బీహార్, ఉత్తరాఖండ్‌లలో ప్రయత్నించారు. పుస్తకాలు, సామగ్రి మాత్రమే ఇచ్చిన చోట ఫలితం రాలేదు. 2012-13లో హర్యానాలో రెండు మార్పులు చేశారు. బడి వేళకు రోజూ ఒక గంట కలిపి, దాన్ని ఈ పనికే కేటాయించారు. ఆ గంటలో సిలబస్ మాట ఎత్తకూడదు. ఇక బడులను పర్యవేక్షించవలసిన బ్లాకు స్థాయి వారు ముందు తామే బడికి వెళ్లి, కొన్ని రోజులు పిల్లలకు ఆ పద్ధతిలో పాఠం చెప్పారు. ఆ తరువాతే ఉపాధ్యాయుల దగ్గరికి వెళ్లారు. ఈసారి పిల్లలకు చదవడం మెరుగుపడింది.

నాకు ఆ రెండో మార్పు చాలా నచ్చింది. పాఠం చెప్పి చూసిన మనిషి వచ్చి పక్కన కూర్చుంటే మాట తీరే వేరుగా ఉంటుంది. "ఈ కార్డులు పంచేటప్పుడు గోల అవుతుంది, ముందు వీళ్లను అటువైపు కూర్చోబెట్టండి" అని చెప్పగలిగేది ఆ మనిషే. ముద్రించిన శిక్షణ మాడ్యూల్‌లో ఆ వాక్యం ఎప్పుడూ ఉండదు.

ఇప్పుడు భాష సంగతి. పరిశోధన మన భాషలో రావాలని నేను అంటే, ఆంగ్ల పదాలకు సంస్కృత సమాసాలు కట్టడం అనుకుంటారు కొందరు. నేను అడిగేది అది కాదు. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మిగతావారు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారికే ఎక్కువ గుర్తుంది: వారికి 81 శాతం, రాసినవారికి 75. వారం తరువాత పెడితే తారుమారైంది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం, రాసి చూసుకున్నవారికి 56. దీన్ని మనకు శిక్షణలో 'పునఃస్మరణ అభ్యాసం' అని చెప్పారు. హాలులో సగం మందికి నిద్ర వచ్చింది.

దీనికి తెలుగులో మాట లేదా? ఉంది. అప్పజెప్పడం. వల్లె వేయడం వేరు, అప్పజెప్పడం వేరు. పుస్తకం చూస్తూ పదిసార్లు గట్టిగా అనడం వల్లె వేయడం. పుస్తకం మూసి పంతులుగారి ముందు నిలబడి చెప్పడం అప్పజెప్పడం. మన పెద్దలకు ఈ తేడా తెలుసు కాబట్టే రెండు మాటలు పెట్టుకున్నారు. ఎదురుగా బెత్తం ఉండేది, అదొక్కటే తప్పు. బెత్తం, మార్కులు తీసేసి అప్పజెప్పడాన్ని మాత్రం ఉంచుకోండి అని చెబితే ఏ ఉపాధ్యాయుడికైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

మా నాలుగో తరగతిలో నేను చేసి చూశాను. పరిసరాల విజ్ఞానం పాఠం అయ్యాక మళ్లీ చదివించే బదులు పుస్తకాలు మూయించి, పలకల మీద గుర్తున్నది రాయమన్నాను. మొదటి రోజు ఒక అమ్మాయి పలక మీద 'నీరు' అని ఒక్క మాట రాసి, నా వైపు భయంగా చూసింది. ఆ మాట చుట్టూ ఇంకేం ఉన్నాయో పక్కనున్న పిల్లతో మాట్లాడి రాయమన్నాను. 'చెరువు' వచ్చింది, 'ఆవిరి' వచ్చింది. 'మేఘం'లో 'ఘ' రాయడం రాక బొమ్మ గీసింది. ఆ మేఘం బొమ్మ నాకు రెండు సంగతులు చెప్పింది. పాఠం తలకెక్కింది, అక్షరం ఎక్కలేదు. ఇది ప్రయోగం కాదని నాకు తెలుసు, పోల్చి చూడడానికి ఇంకో తరగతి లేదు. కానీ ఆ రోజు నుంచి నేను ఆ పది నిమిషాలు వదలలేదు.

అక్షరాల దగ్గరికి వచ్చాం కాబట్టి 'చక్రం' సంగతి కూడా చెబుతాను. చదవడం నేర్పడం మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఆంగ్లం మీద జరిగింది. అక్కడ 26 అక్షరాలు. మనకు వర్ణమాల, దాని మీద గుణింతాలు, వాటి కింద వత్తులు. సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. అక్కడ పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడడం మొదటి తరగతితో ముగిసే పని కాదని, మూడు నాలుగేళ్లు సాగుతుందని ఆమె చూపించారు. ఇది చదివాక నాకు పెద్ద బరువు దిగింది. మా పిల్లవాడు 'చక్రం'ను 'చకరం' అని చదివి ఆగిపోవడం మందబుద్ధి కాదు. 'క'కూ దాని కింది ర-వత్తుకూ మధ్య ఎక్కడో దారిలో ఉన్నాడు వాడు. మూడో తరగతిలో కూడా వత్తులు నేర్పడానికి వేళ కేటాయించాలి. మొదటి తరగతిలో 'అయిపోయాయి' అని రిజిస్టరులో రాసుకుంటే కుదరదు.

పరిశోధన పంచడమంటే తప్పని తేలినదాన్ని వెనక్కి తీసుకోవడం కూడా. కళ్లతో నేర్చుకునే పిల్లలు, చెవులతో నేర్చుకునే పిల్లలు అని విడదీసి బోధించమని మనకు ఎన్నో శిక్షణల్లో చెప్పారు. 2008లో హెరాల్డ్ పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆ వాదనకు ఉన్న ఆధారాలన్నిటినీ పరిశీలించి, అవి చాలవని తేల్చింది. ఆ మాట మనకు చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు.

పరిశోధకులను నేను అడిగేది ఇది. మా బడిలో సమాచారం సేకరిస్తే, ఒక్క పేజీ తెలుగులో రాసి, దాన్ని తెచ్చి మా ముందు చదవండి. మేం ప్రశ్నలు అడుగుతాం, వాటికి జవాబు చెప్పండి. అధికారులను అడిగేది: చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో సర్క్యులర్లు చదవడానికి పట్టే వేళలో సగం దీనికి ఇవ్వండి. ప్రయత్నించి కుదరలేదని చెప్పిన ఉపాధ్యాయుడికి మెమో ఇవ్వకండి.

మీ కుర్చీల మీద ఒక కాగితం పెట్టించాను. ఒకవైపు అప్పజెప్పడం గురించి పదిహేను వాక్యాలున్నాయి, రెండోవైపు ఖాళీ. ఈ నెలలో ఏదైనా మూడు పాఠాలకు చేసి చూడండి. పిల్లలు ఏం రాశారో, ఎక్కడ ఆగారో, మీకు ఎక్కడ విసుగు వచ్చిందో ఆ ఖాళీలో రాయండి. వచ్చే సమావేశంలో ఆ కాగితాలు చదువుకోవడంతోనే మొదలుపెడదాం. నాది నేను తెస్తాను.