బిచో అంటే పురుగే, కానీ ఏ ఊళ్ళో?

స్పానిష్ నేర్చుకుంటున్న మీ అందరికీ నమస్కారం. ముందు నా పరువు పోయిన కథ చెప్పేస్తాను.

స్పానిష్ మొదలుపెట్టిన రెండో ఏడు. కరీబియన్ ద్వీపం ప్యూర్టో రికో నుంచి ఒక క్లయింటుతో కాల్. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందని చెప్పాలి. బగ్ అంటే పురుగు, పురుగుకి డిక్షనరీలో 'బిచో' అని ఉంది. "మీ సిస్టమ్‌లో పెద్ద బిచో దొరికింది" అన్నాను. అవతల ఎవరో మ్యూట్ నొక్కడం మర్చిపోయి పగలబడి నవ్వారు. బిచో స్పెయిన్‌లో పురుగే, మెక్సికోలోనూ పురుగే. ప్యూర్టో రికోలో మాత్రం మగవాళ్ల అవయవానికి వాడే బూతు.

ఆ మంటతోనే నేను ఆ ద్వీపం పాటలు వినడం మొదలుపెట్టాను. విన్నకొద్దీ తెలిసిందేమిటంటే, పాటలో దొరికిన యాస మాటకి ఊరు రాసుకోకపోతే అది సగం మాటే.

బిచో పక్కనే 'బిచోతే' అని ఇంకో మాట ఉంది. వినడానికి దానికి అన్నలా ఉంటుంది గానీ, ఇంగ్లీషు 'బిగ్ షాట్' అక్కడి నోళ్లలో నలిగి అలా తయారైందంటారు. ప్యూర్టో రికో 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది కదా, ఇలాంటివి బోలెడు. స్నేహితులతో ఊరికే తిరగడాన్ని 'హాంగియార్' అంటారు, అది 'హ్యాంగౌట్'. సరే, బిచోతే అంటే పేటలో మత్తుమందు వ్యాపారం నడిపే పెద్దతలకాయ. 2020లో గాయని కరోల్ జి ఈ మాట చివరి అక్షరం మార్చి 'బిచోతా' అని పాట కట్టింది. ఎవరికీ తలవంచని ఆడది అని అర్థం మారిపోయింది. తమాషా ఏమిటంటే ఆమెది ప్యూర్టో రికో కాదు, కొలంబియాలోని మెదెయిన్. మాట సముద్రం దాటింది, మగ నుంచి ఆడ అయింది, నేరం నుంచి పొగరు అయింది. ఇది ఏ వ్యాకరణ పుస్తకంలో దొరుకుతుంది చెప్పండి?

ఆమెదే 2019లో 'తూసా' వచ్చింది. తూసా అంటే గింజలు వలిచేశాక మిగిలే మొక్కజొన్న బెండు. కొలంబియాలో ప్రేమ విఫలమైన బాధ కూడా తూసానే. వివరణ అక్కర్లేదు, పొలం చూసినవాళ్లకి వెంటనే తగులుతుంది.

కొన్ని మాటలు ప్రమాదం కూడా. 'చాంబేయా' అని మెక్సికోలో అంటే 'పని చేస్తాడు'. ప్యూర్టో రికో గాయకుడు బాడ్ బన్నీ 2017 పాటలో అదే మాట తుపాకీ లోడు చేయడం. మెక్సికోలో 'ఆవొరీతా' అన్నవాడు ఇప్పుడే వస్తాడో, ఎప్పటికీ రాడో చెప్పలేం. ప్యూర్టో రికోలో అదే మాటకి 'తర్వాత' అని అర్థం.

ఇక చెవి సంగతి. మీలో చాలామంది "చదివితే అర్థమవుతుంది, వింటే ఒక్క ముక్క తెలియదు" అంటారు. పుస్తకంలో 'ఏమి చేయుచున్నావు' నేర్చుకుని కోఠి బస్టాపులో 'ఏం జేస్తున్నవ్' విన్నవాడి అవస్థే ఇది. ప్యూర్టో రికో వాళ్లు 'పారా'ని 'పా' అని మింగేస్తారు. 'కాన్సాదో'లో 'ద' ఎగిరిపోయి 'కాన్సావో' అవుతుంది. 'అమోర్' కాస్తా 'అమోల్'. 'ఎస్తాస్'లో 'స' గాలిలా 'హ' అయిపోతుంది. తప్పులు కావివి, వాళ్ల లెక్క వాళ్లకుంది. నాకు ఈ లెక్క దొరకడానికి ఆరు నెలలు పట్టింది, అదీ పాటని సగం వేగంతో పెట్టుకుని, ఇంట్లోవాళ్ల తిట్లు తింటూ.

ఇప్పుడు 2022లో వచ్చిన బాడ్ బన్నీ 'తితీ మే ప్రెగుంతో' పెడతాను. తితీ అంటే అక్కడ పిన్ని అయినా అత్త అయినా ఒకటే, మనలా విడివిడి మాటలు లేవు. ఆవిడ మేనల్లుణ్ణో, అక్క కొడుకునో "నీకు చాలామంది ప్రియురాళ్లున్నారట్రా" అని ఆరా తీస్తోంది. మొదటిసారి అర్థం వెతకకండి. కాగితం తీసి, ఎక్కడెక్కడ 'స' మాయమైందో ఒక గీత గీయండి. రెండోసారి విన్నాక మీ లెక్కా నా లెక్కా పోల్చుకుందాం. వెనక కూర్చున్న బాబూ, ఆ ఫ్యాన్ కాస్త ఆపుతావా?