తుమ్మితే బయల్దేరే కుక్కలు

అందరికీ నమస్కారం. ముందు ఈ ఫోటో చూడండి, నలుపు పసుపు తెలుపు రంగు డబ్బాలు మూడూ ఒకేసారి మీద ఒలికిపోయినట్టు మచ్చలు, చెవులేమో పెద్ద గరిటెల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. హైనా కాదండీ, నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. ఇది ఆఫ్రికా అడవికుక్క. ముందుకాలి వేళ్ళు లెక్కపెట్టండి, నాలుగే. మన వీధికుక్కకి ఐదోది కాస్త పైన ఉంటుంది, ఇంటికెళ్ళి చూడండి, కరవని కుక్కకే చూడండి. మన నల్లమల రేచుకుక్కలు వీటికి దూరపు చుట్టాలు, అవీ గుంపుగానే వేటాడతాయి.

ఇప్పుడు తుమ్ముల సంగతి. బోట్స్వానాలో ఒకవాంగో డెల్టా ఉంది కదా, అక్కడ నీడన పడుకున్న గుంపు లేచి ఒకదాన్నొకటి రాసుకుంటూ తోకలూపుతూ నానా హడావిడి చేస్తుంది, దీన్ని ర్యాలీ అంటారు, అదయ్యాక వేటకైనా పోవచ్చు, మళ్ళీ మునగదీసుకుని పడుకోనూవచ్చు. అలాంటివి 68 ర్యాలీలు చూసి 2017లో పరిశోధన పేపర్ రాశారు. తుమ్ములు ఎక్కువ పడితే గుంపు కదులుతుందట! గుంపుని నడిపే పెద్ద జంట మొదలుపెడితే మూడు తుమ్ములు చాలు, కింది స్థాయివాళ్ళు మొదలుపెడితే పది దాకా పడాలి. జలుబు కాదు, ముక్కులోంచి ఫస్సుమని గాలి వదలడం. మన ఇళ్ళల్లో గడప దగ్గర ఎవరైనా తుమ్మితే మంచినీళ్ళు తాగి కూర్చుంటాం, వీళ్ళేమో తుమ్మితేనే బయల్దేరతారు.

వేటలో వీటిని మించిన జంతువు లేదని, పదిసార్లు పరిగెడితే ఎనిమిదిసార్లు వేట దొరికిపోతుందని అందరూ చెప్తారు. అదే డెల్టాలో ఒక గుంపులోని ఆరు పెద్దకుక్కలకీ పరుగు లెక్కలు చెప్పే కాలర్లు మెడకి కట్టి చూస్తే, 2016లో వచ్చిన లెక్క, ఒక్కో కుక్క పరుగులు వందలో పదిహేనే ఫలించాయి. మరి ఎలా బతుకుతున్నాయంటే, ఎవరికి దొరికినా అందరూ తింటారు, అంతే. అదీ పిల్లలు ముందు. పెద్దవి చుట్టూ నిలబడి కాపలా కాస్తాయి. ఇంకా బొరియ దాటని బుజ్జివాటికైతే, అది కూడా ఆర్డ్‌వార్క్ అనే చెదలు తినే జంతువు తవ్వి వదిలేసిన బొరియే, వేట నుంచి వచ్చినవాళ్ళ మూతి నాకితే చాలు, పొట్టలోని మాంసం కక్కి పెడతాయి. తల్లికీ అంతే, కాపలా ఉన్నదానికీ అంతే. వినడానికి ఛీ అనిపిస్తుంది గానీ, నాకైతే మా అమ్మమ్మ వాళ్ళ ఉమ్మడింట్లో పిల్లల పంక్తి ముందు వేసేవాళ్ళే, అదే గుర్తొస్తుంది.

అందుకే గుంపు చిన్నదైతే వీటికి చావే. ముగ్గురే మిగిలారనుకోండి, ఒకరు బొరియ దగ్గర ఉంటే ఇద్దరే వేటకెళ్ళాలి, తెచ్చుకున్నది హైనాలు లాక్కుపోతాయి, కాపలా మానేస్తే పిల్లలు పోతారు. ఒకప్పుడు వీటిని పీడ జంతువులని తుపాకులతో కాల్చేశారు, చంపినందుకు డబ్బులు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఉచ్చులు, రోడ్లు, అన్నిటికంటే నాకు భయమేసేది ఊరకుక్కల నుంచి అంటుకునే రేబిస్, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు. టాంజానియాలోని సెరెంగెటి అడవిలో 1991 కల్లా గుంపులు కనిపించకుండా పోయాయి. 2012 అంచనా ప్రకారం మొత్తం ఆఫ్రికాలో పెద్దకుక్కలు 6,600, అందులో పిల్లల్ని కనే స్థాయివి 1,400.

సరే, బాబూ ఆ లైట్లు ఆపి సౌండ్ కాస్త పెంచు. ఇప్పుడు వచ్చే కిచకిచలు చెట్టు మీద పిట్టలవి కాదండీ, ఇవే.