ఈనిన ఆవు మీదకొస్తా ఉందని సంతకి తోలబాకండి

అందరికీ నమస్కారం అండీ. కొండపి దగ్గర మా పల్లెలో, మా కొట్టం ముందు నిలబడి మాట్లాడతా ఉన్నా. మొన్న మాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఫోన్ చేసి, అబ్బాయా, మా ఆవు ఈనిన కాడ్నుంచి మనిషిని దగ్గరికి రానియ్యటంలా, పొడవటానికి వస్తా ఉంది, దీన్ని సంతకి తోలేస్తా అన్నాడు. తోలబాక మామా, రెండ్రోజులు ఆగు అన్నా. ఎందుకన్నానో చెప్తా, కొంచెం ఓపిగ్గా వినండి.

పోయిన ఏడు కార్తీకంలో మా లక్ష్మి రెండో ఈత ఈనింది. ఒంగోలు ఆవు, మా అమ్మ చేతిలోనే పెరిగింది, అమ్మ పిలిస్తే పొలంలో ఎంత దూరంలో ఉన్నా వచ్చుద్ది. అట్టాంటిది ఆరోజు తెల్లారుజామున అమ్మ దూడని తుడుద్దామని గోనె పట్టుకోని లోపలికి పోయింది, వెనకమాలే వీధి కుక్క ఒకటి, ఈనినాక కడుపులోనించి పడే మాయ వాసనకి దూరింది, అమ్మ చూసుకోలా. లక్ష్మి దూడని నాకతా నాకతా ఒక్కసారి తలెత్తి బుస్సుమని దూకింది. అది దూకింది కుక్క మీదకి, మధ్యలో ఉంది మా అమ్మ. గోడకేసి నెట్టేసింది, పక్కటెముకలు కమిలిపోయి ఇరవై రోజులు అమ్మ పక్క మీద నుంచి లేవలేకపోయింది. నాకు అప్పుడు కోపం లక్ష్మి మీద రాలేదండీ, కుక్క దూరేటట్టు తడిక తీసిపెట్టి పొయ్యింది నేనే.

అందుకని చెప్తా ఉన్నా, ఈనిన ఆవుకి పొగరు పట్టదు, భయం పట్టుద్ది. పుట్టిన దూడ లేచి నిలబడలేదు, పరిగెత్తలేదు, దాన్ని కాపాడుకోవాల్సింది తల్లే. మన జాతి ఆవుల్నే బ్రెజిల్ వాళ్ళు తీసకపోయి నెలోర్ అని మన నెల్లూరు పేరు పెట్టుకోని పెంచుకుంటా ఉన్నారు, అక్కడ పెద్ద పెద్ద బీళ్ళలో మనిషి చెయ్యి పడకుండానే ఈనతాయి, దూడని అట్టా కాచుకునే గుణమే ఆ జాతికి బలం. మనం ఆ గుణాన్నే తప్పు పట్టి అమ్మేస్తే ఎట్టా చెప్పండి?

ఇంక అసలు విషయం. మొదటి గంట ఆవుని దూడని వాటి మానాన వదిలెయ్యండి. ఉమ్మనీటి సంచి పగిలి గంటైనా దూడ కాళ్ళు కనపడకపోయినా, ఒక కాలే బయటికొచ్చి ఆగిపోయినా అప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యబాకండి, 1962 కి ఫోన్ కొట్టండి, పశువుల అంబులెన్స్ నంబర్ అది. మామూలుగా ఈనితే మాత్రం దూరంగా నిలబడి చూడండి చాలు. దూడ ముక్కు మీద జిగురు అడ్డం పడి ఊపిరి ఆడకపోతే తప్ప చెయ్యి పెట్టొద్దు. తల్లి నాకితే దూడ ఒళ్ళు ఆరుద్ది, రక్తం ఆడుద్ది, దాని వాసన తల్లికి పట్టుద్ది. తొలిచూలు పెయ్య అయితే ఒక్కోసారి బెదిరిపోయి దూడని నాకదు, తన్నుద్ది కూడా, అప్పుడు దూడ వీపు మీద కాస్త తవుడు, ఉప్పు చల్లి చూడండి, ఉప్పు రుచికి నాకటం మొదలుపెడద్ది.

మనూళ్ళలో ఇంకో అలవాటుంది, మాయ పడేదాకా దూడని పాలకి వదలరు. దయచేసి ఆ పని మానుకోండి. దూడ చీకితేనే మాయ తొందరగా జారుద్ది, పైగా దూడని పక్కకి లాగి కడితే ఆవుకి పిచ్చెక్కిపోద్ది, సగం పొడుపులు అక్కడే పడతాయి. ముర్రుపాలు, అదే ఈనగానే వచ్చే మొదటి పాలు, గంట రెండు గంటల్లోపే దూడ కడుపులో పడాలి, పాతిక కిలోల దూడకి మొదటి రోజు రెండున్నర లీటర్లన్నా పడాలి, ఒక రోజు దాటితే ఆ పాలలో ఉండే రోగాన్ని తట్టుకునే శక్తి దూడ ఒంటికి పట్టదు. జున్ను సంగతి తర్వాత చూసుకుందాం, ముందు దూడ తాగనియ్యండి.

దూడ బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టాలి, అదొక్కటి తప్పదు. ఆ పనికి ఇద్దరు ఉండాలి. రోజూ పాలు పిండే మనిషే తలకాడ నిలబడి పలుపు పొట్టిగా గుంజకి కట్టి, తవుడు బెల్లం కలిపిన గంప ముందర పెట్టాలి. రెండో మనిషి దూడని ఎత్తుకోని దూరం పోకుండా తల్లి ముక్కు ముందరే ఉంచి పని కానియ్యాలి, దూడ కనపడకపోయినా దూడ అరిచినా అది తాడు తెంపుకుంటది. ఆవుకీ దూడకీ మధ్యలో మాత్రం నిలబడబాకండి, మా అమ్మకి జరిగింది అదే. గేటు మీ వెనకే ఉండాలి, తీసే ఉండాలి. అది దూడని నాకటం ఆపి తల కిందికి దించి మిమ్మల్నే చూస్తా ఉందంటే, గిట్టతో నేల గీరతా ఉందంటే, ఆ పని అక్కడితో ఆపి దాన్నే చూసుకుంటా వెనక్కి వెనక్కి రండి, వీపు తిప్పి పరిగెత్తబాకండి. కర్ర చేతిలో ఉంటే ఉండనియ్యండి, కొట్టబాకండి, ఒక్క దెబ్బ కొడితే ఆ ఈతంతా మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటది. చూడటానికి వచ్చే చుట్టాల్ని, పిల్లల్ని నాలుగు రోజులు బయటే ఆపండి, ఏమన్నా అనుకుంటే అనుకోనియ్యండి.

మాయ ఎనిమిది గంటల్లో, పన్నెండు గంటల్లో పడిపోద్ది, పడకపోతే చేత్తో లాగొద్దు, రాయి కట్టొద్దు, డాక్టర్ని పిలవండి. పడిన మాయని పొడుగు కర్రతో బయటికి లాగి వెంటనే తీసేయండి, కొంతమంది గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకి కడతారు, మేం ఈసారి లోతుగా గుంట తీసి పూడ్చాం. కుక్కలు వచ్చేది ఆ వాసనకేగా.

మా లక్ష్మి ఐదో రోజుకే మామూలైపోయింది, ఇప్పుడు మళ్ళీ సూడితో ఉంది. తడిక తీసేసి ఇనప గేటు పెట్టించా, లోపల్నించి ఒక్క తోపుతో తెరుచుకునేటట్టు. అమ్మ మాత్రం ఇప్పుడు కొట్టంలోకి పోవాలంటే గేటు బయటే నిలబడి లక్ష్మీ అని పిలుస్తది, అది తలెత్తి చూశాకే లోపలికి అడుగేస్తది.