చేయి చేసుకున్నాడు

అందరికీ నమస్కారం. ద్వారకానగర్‌లోని ఈ పౌర గ్రంథాలయానికి నేను ఎక్కువగా పేపర్లు చదవడానికే వస్తుంటాను. ఆడపిల్లపై ఎక్కడ అఘాయిత్యం జరిగినా వాటిలో కనిపించే మాట ‘మానవ మృగం’. చదివి మనమూ పళ్లు కొరుకుతాం.

అదే తెలిసినవాడు పెళ్లాన్ని కొడితే ‘చేయి చేసుకున్నాడు’ అంటాం. ఎంత మెత్తటి మాటో చూడండి! పన్ను ఊడిందా, చెవి చిల్లు పడిందా, అందులో ఏదీ వినపడదు.

గాజువాకలో మా పక్క వాటాలో ఒకాయన ఉండేవాడు. వినాయక చవితి పందిరికి ముందుండేది ఆయనే, అర్ధరాత్రి ఎవరికైనా జ్వరమొస్తే ఆటో తెచ్చేదీ ఆయనే. నెలలో రెండు మూడు రాత్రులు మాత్రం ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపించేది. తెల్లారాక కుళాయి దగ్గర వాళ్లమ్మ, “ఆడు మంచోడేనమ్మా, కోపమొక్కటే” అనేది. మేం తలూపేవాళ్లం. ఆ కోపం డ్యూటీలో పై అధికారి మీద ఒక్కసారీ చెయ్యెత్తలేదే అని అప్పట్లో మాకు తోచలేదు.

2019 డిసెంబరులో దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపిన రోజు మా వీధిలో స్వీట్లు పంచిందీ ఆయనే. (కావాలనే కాల్చారని తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. అది వేరే చర్చ.) ఆయన నటించాడని నేననుకోను. మృగం అంటే ఇంకెవరో అని నిజంగానే నమ్మాడు. కానీ ఏటా నేర రికార్డుల లెక్కలు చూస్తే, అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు తెలిసినవాడే.

ఆయన్నొక్కణ్నే అనడం దేనికి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు. చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి కారణాలకు! ఆయన భార్య ఒకసారి నా దగ్గరికొచ్చి కూర్చుంటే, “పిల్లలున్నారు కదమ్మా, సర్దుకో” అన్నది నేనే.

గృహహింస చట్టం 2006 నుంచే అమల్లో ఉంది. మొగుణ్ని జైలుకు పంపకుండానే కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కూ ఉంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అవేవీ నేను చెప్పలేదు.

పోయిన నెల తనకు ఫోన్ చేసి, ఆ రోజు అలా అనడం నా తప్పన్నాను. “ఇప్పుడెందుకు అక్కా అవన్నీ” అంది. ఆయన డ్యూటీ నుంచి వచ్చే టైమయిందని పెట్టేసింది.